కారు అడుగూ ఇంజినూ ఇంటి దగ్గరే కడుక్కోవడం ఎలా

బానెట్ కింద ఎంత తక్కువ నీళ్ళు వాడితే అంత మంచిది. కారు అడుగున ఎంత ఎక్కువ వాడితే అంత మంచిది. వాటర్ సర్వీసింగ్ చేసేచోట తరచూ జరిగేది దీనికి తలకిందులు. ఇంజిన్ మీద గన్నుతో దబదబా కొడతారు, అడుగున రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పుతారు, చివర్లో ఇంత డీజిల్ పిచికారీ చేసి "నల్లగా ఎలా మెరుస్తోందో చూడండి సార్" అంటారు.

ఆ డీజిల్ సంగతి ముందే తేల్చేద్దాం. డీజిల్, కిరోసిన్, కాలిన ఇంజిన్ ఆయిల్ కొడితే తుప్పు పట్టదని ఒక నమ్మకం ఉంది. నాలుగు రోజులు పట్టదు, నిజమే. కానీ సస్పెన్షన్ బుష్‌లూ (కుదుపులు తగ్గించే రబ్బరు ముక్కలు), ఇరుసుల మీది రబ్బరు బూట్లూ (గ్రీజుని కాపాడే తొడుగులు) ఆ నూనెను పీల్చుకుని ఉబ్బి మెత్తబడతాయి. అలా మెత్తబడిన బుష్ త్వరగా చిరిగి, గుంత వచ్చినప్పుడల్లా టకటకమంటుంది. పైగా జిడ్డుకి దుమ్ము అంటుకుని, వాన పడగానే తడిని పట్టి ఉంచే పొరగా మారుతుంది. బ్రేక్ డిస్కు మీద నాలుగు చుక్కలు పడ్డా బ్రేకు సరిగా పట్టదు. వేడి సైలెన్సర్ మీద పడితే పొగ, కర్మకాలితే మంట. ఉచితంగా కొడతామన్నా వద్దనండి.

ఎప్పుడు కడగాలి

అది మీరు ఉండే ఊరిని బట్టి ఉంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలి కారు అడుగున పేరుకుంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి, పైన ఎండ కాస్తున్నా ఇనుము మీద సన్నటి తడి ఉండనే ఉంటుంది. భీమవరం చుట్టుపక్కల చేపలు, రొయ్యల బండ్ల నుంచి కారే నీళ్ళు దీనికి తోడు. ఇలాంటి చోట్ల నెలకోసారి అడుగు భాగం మంచినీళ్ళతో కడగాలి. బీచ్ ఇసుకలోకి దింపిన కారునైతే ఆ రోజే కడగాలి.

లోపలి జిల్లాల్లో సమస్య ఉప్పు కాదు, మట్టి. నల్లరేగడి నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఎండాక సిమెంటులా పట్టేస్తుంది. పైకి ఎండినట్టు కనిపించే ముద్ద లోపల చాలా రోజుల వరకూ చెమ్మగానే ఉంటుంది. చక్రం పైనున్న రేకు అంచు లోపలికి మడిచి ఉంటుంది, ఆ మడతలో కూరుకున్న ముద్ద దగ్గరే మొదటి తుప్పు కనిపిస్తుంది. వానాకాలం మధ్యలో ఒకసారి, వానలు వెళ్ళిపోయాక అక్టోబరు, నవంబరు నెలల్లో ఒకసారి కడిగితే చాలు. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా కురుస్తాయి కాబట్టి ఆ రెండో కడుగుడు జనవరిలో పెట్టుకోండి.

నూర్పిళ్ళ రోజుల సంగతి వేరు. వరిగడ్డి, కందికట్టె, ఉలవకట్టె రోడ్డు మీద పరిచి, వచ్చే పోయే బండ్ల చేతే తొక్కించడం మన దగ్గర మామూలే. దాని మీదుగా వెళ్ళాల్సి వస్తే, దాటగానే సురక్షితమైన చోట ఆపి కిందకి వంగి చూడండి. గడ్డి చక్రాల ఇరుసుకి తాడులా చుట్టుకుని రబ్బరు బూటును కోసేస్తుంది. సైలెన్సర్ వరసలో ముందుండి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల వేడి మామూలు నడకలోనే 400 డిగ్రీలు దాటుతుంది, దానికి ఎండుగడ్డి తగిలితే కారు కాలిపోవచ్చు. పొగ గానీ కమురు వాసన గానీ వస్తుంటే కారులో ఎవరూ ఉండకూడదు. ఏమీ లేదంటే అరగంట చల్లారనిచ్చి, చుట్టుకున్న గడ్డిని కత్తెరతో ముక్కలుగా కత్తిరించి తీయండి. గట్టిగా లాగితే బూటు చిరుగుతుంది, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం జారకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ వైరు ఊడుతుంది.

ఇంజిన్‌కి మాత్రం ఏడాదికి ఒకసారి చాలు. ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో కనిపెట్టాలన్నా, ఎలుకలు గూడు పెట్టినా అదనంగా ఇంకోసారి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

నీళ్ళలో కలిసే రకం డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రావణం) అర లీటరు, కారు షాంపూ, స్ప్రే సీసాలు రెండు, 2 అంగుళాల పెయింట్ బ్రష్, పాత టూత్‌బ్రష్‌లు, మైక్రోఫైబర్ గుడ్డలు ఐదారు, పాలిథీన్ కవర్లు, రబ్బర్ బ్యాండ్లు, 10 నంబరు పానా, రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు. దుమ్ము ఊదే చిన్న కరెంటు బ్లోయర్ ఉంటే పని సగమవుతుంది. పెయింట్ బ్రష్‌కి ఉండే రేకు పట్టీ చుట్టూ ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టండి. అది బ్యాటరీ టెర్మినల్‌కి తగిలితే నిప్పురవ్వలు వస్తాయి, రంగుకి తగిలితే గీత పడుతుంది.

ప్రెషర్ వాషర్ (నీళ్ళను గన్నుతో బలంగా కొట్టే యంత్రం) ఉంటే మంచిదే, ఇంటికి 100 నుంచి 130 బార్ది చాలు. విసనకర్రలా విచ్చుకునే నాజిల్ మాత్రమే వాడండి. సూదిలా ఒకే ధార వచ్చేదీ, గిరగిరా తిరిగే టర్బో నాజిలూ పెట్టెలోనే ఉండనివ్వండి. బట్టల సబ్బు పొడి వద్దు, అందులో సోడియం లవణాలు ఎక్కువ. ఉప్పు వదిలించడానికి మళ్ళీ ఉప్పు పూసినట్టవుతుంది.

కడిగే చోటు కూడా చూసుకోండి. ఆయిల్ కలిసిన నీళ్ళు ఇంకుడు గుంతలోకో బావి వైపుకో పోకూడదు. జిడ్డు ఎక్కువుంటే ముందు రంపపు పొట్టు గానీ పాత గుడ్డలు గానీ వేసి అద్ది తీసేసి, తర్వాతే నీళ్ళు పోయండి.

వరస ఎప్పుడూ ఇదే: ముందు ఇంజిన్, తర్వాత అడుగు, ఆఖరున కారు పైభాగం. పైనుంచి కారిన మురికి కిందే పడుతుంది కాబట్టి.

ఇంజిన్ గది

1. కారు నీడలో పెట్టి, ఇంజిన్ ఆపేసి ముప్పావు గంట ఆగండి. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి. ఇంజిన్ పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కాలుతుండగా దాని మీద చన్నీళ్ళు పడితే పోత ఇనుము పగుళ్ళివ్వొచ్చు, డీగ్రీజర్ ఆవిరై మరక కట్టేస్తుంది. పూర్తిగా చల్లబడితే జిడ్డు గట్టిపడి ఊడదు. ఆ మధ్య వేడే కావాలి.

2. తాళం తీసి జేబులో వేసుకోండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరుగుతుంది, వేళ్ళు అటు పోనివ్వకండి. తర్వాత బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ 10 నంబరు పానాతో విప్పి, గుడ్డ చుట్టి పక్కకు పెట్టండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు ఆఖరున. గడియారం, కిటికీ అద్దం ఆటో సెట్టింగు పోవచ్చు, కొన్ని స్టీరియోలు కోడ్ అడుగుతాయి. అది ముందే రాసి పెట్టుకోండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లయితే ఈ భాగం వదిలేయండి. నారింజ రంగు కేబుళ్ళున్న చోట తడిగుడ్డ కూడా పెట్టొద్దు, పైపైన పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

3. ఎలుకల పెంటికలు, గూడు కనిపిస్తే బ్లోయర్ పట్టొద్దు, పొడిగా ఊడ్వొద్దు. ఎలుకల మూత్రం వల్ల ఎలుక జ్వరం రావచ్చు, ఆ దుమ్ము ముక్కులోకి పోవడమూ మంచిది కాదు. మాస్కు, తొడుగులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి ఆ చోటును తడపండి. పది నిమిషాలాగి పేపరుతో ఎత్తి పారేసి, బ్లీచ్ అల్యూమినియంని తినకుండా వెంటనే తడిగుడ్డతో తుడవండి. గూళ్ళు ఎక్కువగా ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద, బ్యాటరీ వెనక, బానెట్‌కి అంటించిన అట్ట లోపల ఉంటాయి. ఫిల్టర్ డబ్బా మూత తీసి లోపల కూడా చూడండి. అక్కడ వైరు మీది తొడుగు కొరికి ఉంటే నీళ్ళ పని ఆపేసి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

4. కప్పాల్సినవి కప్పండి: ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జి చేసేది), ఫ్యూజు బాక్సు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు), గాలి లోపలికి వెళ్ళే గొట్టం మూతి, పెట్రోలు కారుకి ఇగ్నిషన్ కాయిళ్ళు (స్పార్క్ ప్లగ్గుల మీదుండేవి), డీజిల్ కారుకి ఇంజెక్టర్ల మీది కనెక్టర్లు. పాలిథీన్ కవరు చుట్టి రబ్బర్ బ్యాండు వేస్తే చాలు. ఆయిల్ మూత, డిప్‌స్టిక్, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత గట్టిగా ఉన్నాయో లేదో చేత్తో నొక్కి చూడండి.

"కనెక్టర్లన్నీ వాటర్‌ప్రూఫే కదా" అనే మాట వినబడుతుంది. నీళ్ళూ దుమ్మూ ఎంత ఆపుతుందో చెప్పే గుర్తు ఐపీ67 అని ఉందంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట మునిగినా ఓర్చుకుంటుందని అర్థం. దగ్గర్నుంచి వచ్చే ప్రెషర్ ధారకు ఓర్చుకోవడానికి ఐపీ69కే అనే వేరే పరీక్ష ఉంది. మీ కారులో ఏ కనెక్టరు ఏ రకమో బయటికి కనబడదు. పైగా ఎనిమిదేళ్ళు వేడికి కాలిన రబ్బరు సీలు కొత్తదానిలా పనిచెయ్యదు. అందుకే బానెట్ కింద ప్రెషర్ వాషర్ వాడకపోవడమే తెలివైన పని.

5. ముందు పొడిగా శుభ్రం చెయ్యండి. ఆకులు, దుమ్ము, చచ్చిన పురుగులు బ్రష్షుతో, బ్లోయర్‌తో తీసెయ్యండి. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరుండే తొట్టిలాంటి భాగాన్ని మరవద్దు. వేప చెట్టు కింద నిలిపే కారుకి అక్కడి నీళ్ళ దారులు ఆకుపొడితో మూసుకుపోతాయి. వానకి నీళ్ళు నిలిచి ఏసీ గాలిని కారులోకి ఊదే బ్లోయర్ మోటారు గుండా డాష్‌బోర్డు కిందకి దిగుతాయి. కాళ్ళ దగ్గర కార్పెట్ తడిసిందంటే చాలాసార్లు కారణం ఇదే. రంధ్రాల్లోకి మెత్తటి ప్లాస్టిక్ పుల్ల పెట్టి కదిపి, ఒక గ్లాసు నీళ్ళు పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి.

6. డీగ్రీజర్ మామూలు దుమ్ముకి ఒకటికి పది వంతుల నీళ్ళు, ఆయిల్ కారిన చోట ఒకటికి నాలుగు వంతులు కలపండి. డబ్బా మీద వేరే లెక్క ఉంటే అదే పాటించండి. కింది నుంచి పైకి కొట్టండి. పైనుంచి కొడితే కారిన చారల్లోని మురికి అక్కడే పట్టి, పోకుండా నిలుస్తుంది. ఒక్కసారి ఇంజినంతా కాకుండా మూడో వంతు చొప్పున పని చెయ్యండి. 3 నుంచి 5 నిమిషాలు నాననిచ్చి, మధ్యలో ఆరబోతే మళ్ళీ కాస్త కొట్టి, బ్రష్షుతో తిప్పండి. అల్యూమినియం భాగాల మీద ఘాటైన క్షారం ఐదు నిమిషాలు దాటితే తెల్లటి మచ్చలు పడతాయి, అవి మళ్ళీ పోవు. డ్రైవ్ బెల్టుల మీద పడనివ్వొద్దు.

7. కడగడానికి రెండు దారులు. మొదటిది నీళ్ళు పొయ్యకుండానే: స్ప్రే సీసాలో మంచినీళ్ళు పోసి చిలకరిస్తూ గుడ్డతో తుడిచెయ్యడం. వైర్లు నలిగిన పాత కారుకీ, మొదటిసారి చేసేవాళ్ళకీ ఇదే మేలు. రెండోది తోట పైపుతో సన్నటి జల్లుగా, పైనుంచి కిందకి, చోటుకి ఐదారు సెకన్లకు మించకుండా. మగ్గుతో గుమ్మరించడం మాత్రం వద్దు. ఒక్క మగ్గు చాలు, స్పార్క్ ప్లగ్గుల గుంతలు నిండడానికి.

8. కవర్లు తీసి, గుడ్డలతో అద్ది, బ్లోయర్‌తో మూల మూలా ఊదండి. కనెక్టర్ల చుట్టూ, ప్లగ్గుల పక్కన ఎక్కువసేపు. బానెట్ తెరిచే ఉంచి గంటసేపు వదిలెయ్యండి.

ఈ గంటలో బ్యాటరీ పని చేసుకోవచ్చు. టెర్మినళ్ళ మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుని ఉంటే గ్లాసు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి టూత్‌బ్రష్‌తో రుద్దండి. బుసబుసా పొంగుతుంది. పొంగు ఆగాక తడిగుడ్డతో తుడిచి, ఆరాక బిగించి, పైన వాజిలీన్ పల్చగా పూయండి. సోడా నీళ్ళు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు.

9. బ్యాటరీ నెగటివ్ తిరిగి బిగించి, స్టార్ట్ చేసి పది నిమిషాలు నిలిపిన చోటే నడవనివ్వండి. కీచుమని అరిస్తే బెల్టు తడిసిందన్నమాట, కాసేపటికి పోతుంది. ఇంజిన్ ఎగిరెగిరి కొట్టుకుంటూ చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం వెంటనే ఆపండి. ప్లగ్గు గుంతలో నీళ్ళున్నాయి, ఒక సిలిండరు మండట్లేదు. అలాగే నడిపితే మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది, దాని ఖరీదు ముందు ఈ కడుగుడు ఖర్చు ఏ మూలకీ రాదు. కాయిల్ తీసి గుంతలో ఊది ఆరబెట్టాలి.

మెరుపు కోసం సిలికాన్ నూనె పూయాలనిపిస్తే ఆగండి. వారంలో దుమ్మంతా దానికే అంటుకుంటుంది. ప్లాస్టిక్ మూతలకి నీళ్ళతో చేసిన డ్రెస్సింగ్ ఒక పూత చాలు.

అడుగు భాగం

స్విఫ్ట్ నేలకి 163 మి.మీ. ఎత్తులో ఉంటుంది, క్రెటా 190. మనిషి దూరే ఎత్తు కాదు. అందుకని చాలామంది కారుతో వచ్చిన జాకీ పెట్టి ఎత్తి తల దూరుస్తారు. ఆ జాకీ చక్రం మార్చడానికే. దాని మీదున్న కారు కిందకి తల గానీ చెయ్యి గానీ పెట్టకూడదు. ఇటుకలు పేర్చడం ఇంకా ప్రమాదం: ఇటుక చెప్పకుండా ఒక్కసారిగా పగులుతుంది.

ఎత్తకుండా కడిగే పద్ధతి నెలవారీ పనికి సరిపోతుంది. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పితే ముందు చక్రాల వెనక చోటు తెరుచుకుంటుంది, కడిగి, ఎడమకి తిప్పి మళ్ళీ కడగండి. నడుమ భాగానికి వంగిన లాన్స్ (పొడవాటి గొట్టం) గానీ, చిన్న చక్రాలున్న అండర్‌బాడీ బ్రష్ గానీ ప్రెషర్ వాషర్‌కి తగిలించుకోవచ్చు. అది లేకపోతే అరంగుళం పీవీసీ పైపు మీటరు ముక్క తీసుకుని ఒక చివర మూత పెట్టండి. 10 సెం.మీ.కి ఒకటి చొప్పున 1.5 మి.మీ. రంధ్రాలు ఒకే వరసలో వేసి, రెండో చివర తోట పైపు బిగించండి. రంధ్రాలు పైకి ఉండేట్టు కారు కిందకి తోసి, ముందు నుంచి వెనక్కి మెల్లగా జరుపుతూ పోతే అడుగంతా తడుస్తుంది. మేడ మీది ట్యాంకు నీళ్ళతో ఇది అంతంతమాత్రమే: 10 మీటర్ల ఎత్తుంటే గానీ ఒక బార్ ప్రెషర్ రాదు. మోటారు నుంచి నేరుగా ఇస్తే బాగా కొడుతుంది. ఉప్పు కరగడానికి ఇది చాలు, గట్టిపడ్డ రేగడికి చాలదు.

రేగడికి ఓపిక కావాలి, బలం కాదు. ముందు సన్నటి ధారతో తడిపి 20 నిమిషాలు వదిలెయ్యండి. మళ్ళీ తడిపి మరో 20 నిమిషాలు. నీరు పీల్చిన రేగడి ఉబ్బి పట్టు వదులుతుంది, అప్పుడు కొడితే పెళ్ళలు పెళ్ళలుగా రాలుతుంది. ఎండిన ముద్దనే స్క్రూడ్రైవర్‌తో గీకితే కింద పూత కూడా లేచి, అక్కడే తుప్పు మొదలవుతుంది. మడతల్లోది తీయడానికి చెక్క గరిట గానీ వేలు గానీ వాడండి.

ఏడాదికోసారి చేసే పూర్తి పనికి కారును ఒక్కో మూల ఎత్తి చక్రం తీయాలి. చదునైన సిమెంటు నేల మీద నిలిపి, మొదటి గేరులో వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఎత్తని వైపు చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. వెనక చక్రాలు ఎత్తినప్పుడు హ్యాండ్‌బ్రేక్ పట్టే చక్రాలే గాల్లో ఉంటాయని గుర్తుంచుకుంటే దిమ్మల విలువ తెలుస్తుంది. చక్రం నట్లు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేసి, జాకీతో ఎత్తి, మాన్యువల్‌లో చూపిన చోట జాక్ స్టాండు (బరువు మోసే ఇనుప ఆధారం) పెట్టి బరువు దాని మీదికి దించండి. తీసిన చక్రాన్ని డోరు కిందుండే ఇనుప పట్టీ అడుగున పడుకోబెట్టండి. స్టాండు జారినా కారు దాని మీద ఆగుతుంది.

ఇప్పుడు కనిపించే చోట్ల కంటే కనిపించని చోట్లే ముఖ్యం. చక్రం వెనకుండే ప్లాస్టిక్ లైనర్ స్క్రూలు, క్లిప్పులు నాలుగైదు విప్పి వెనక్కి మడవండి. లైనర్‌కీ బయటి రేకుకీ నడుమ, అడుగున, గుప్పెడు మట్టీ ఆకులూ ఉంటాయి. ముందు డోరుకి ముందున్న రేకు కింది మూల లోపలి నుంచి తుప్పు పట్టి బుడగలు తేలేది దీని వల్లే. చేత్తో తీసి, తర్వాత కడగండి. డోర్ల కింద పొడవునా పోయే పెట్టెలాంటి భాగానికి అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటాయి, లోపల చేరిన నీరు పోవడానికి. ప్లాస్టిక్ పుల్లతో తెరిచి చూడండి. లోపలి నుంచి ఎర్రటి నీళ్ళు కారితే తుప్పు అప్పుడే మొదలైనట్టు. వెనక స్ప్రింగు కూర్చునే గిన్నె, ముందు సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్, సస్పెన్షన్ మోసే చట్రం) గూళ్ళు, సైలెన్సర్ పైనుండే వేడి రేకు, స్టెప్నీ గుంత అడుగు, ఇవన్నీ ఒకసారి తడమండి. ఇంజిన్ కింద ప్లాస్టిక్ షీల్డు ఉంటే బోల్టులు విప్పి దించండి. బురదా ఆయిలూ కలిసిన పేస్టు దాని మీదే పేరుకుంటుంది.

ప్రెషర్ వాషర్ నాజిల్ ఎప్పుడూ 30 సెం.మీ. దూరంలో, ఒకేచోట నిలపకుండా కదుపుతూ ఉండాలి. ఇరుసు చివరలుండే మడతల రబ్బరు బూట్లు, స్టీరింగ్ ర్యాక్ బూట్లు, బాల్ జాయింట్లు, బ్రేక్ గొట్టాలు, ఏబీఎస్ వైర్లు, చక్రం బేరింగు సీళ్ళు, పార్కింగ్ సెన్సర్లు, వీటి మీదికి నేరుగా కొట్టొద్దు. బూటులోకి నీళ్ళు దూరితే గ్రీజు పలచబడి, ఒకటి రెండు నెలల్లో మలుపు తిరిగినప్పుడల్లా టిక్ టిక్ మంటుంది. రేడియేటర్, ఏసీ కండెన్సర్ రెక్కలు గోటితో నొక్కితే వంగేంత పల్చన, వాటికి తోట పైపే. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ అడుగుకి కూడా అంతే, చార్జింగు తీగ తీసేసి.

జిడ్డున్న చోట షాంపూ నీళ్ళు, బ్రష్. డీగ్రీజర్ అయితే బ్రేక్ డిస్కులకీ ప్యాడ్లకీ తగలకుండా.

ఆఖరి కడుగుడు మంచినీళ్ళతోనే చెయ్యాలి. తీరం దగ్గర బోరు నీళ్ళు నాలుక మీద ఉప్పగా తగిలితే ఆ నీళ్ళతో ఎంత కడిగినా ఉపయోగం లేదు. మట్టి పోవడానికి వాటినే వాడి, చివర్లో 20 లీటర్ల మంచినీళ్ళ క్యాన్లు రెండింటిని కొత్త హ్యాండ్ స్ప్రేయర్‌లో పోసి అడుగంతా కొట్టండి. పొలానికి మందు కొట్టే పాత స్ప్రేయర్ వద్దు, ఆ మందులు మన చేతులకీ ఊపిరికీ మంచివి కావు.

చక్రాలు ఎక్కించి, నట్లు ఎదురెదురు వరసలో బిగించి, 50 కి.మీ. తిరిగాక మళ్ళీ ఒకసారి బిగించి చూడండి.

కడిగిన వెంటనే షెడ్డులో పెట్టి తలుపు వేసెయ్యకండి. ఐదారు కిలోమీటర్లు తిప్పండి. బయల్దేరగానే ఖాళీ రోడ్డులో 20 కి.మీ. వేగంతో వెళ్తూ నాలుగైదుసార్లు బ్రేకు మెత్తగా నొక్కండి, తడి డిస్కులు వేడెక్కి ఆరతాయి. మొదటి నొక్కుకి బ్రేకు ఆలస్యంగా పడుతుంది, ముందు బండికి దూరం ఉంచండి. ఆ రాత్రి చదును నేల మీద గేరులో వేసి నిలపండి, హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు. తడిసిన డ్రమ్ముకి బ్రేక్ షూ పట్టుకుపోయి పొద్దున కారు కదలనంటుంది. డిస్కుల మీద తెల్లారేసరికి నారింజ రంగు పొర కనిపిస్తే కంగారు పడకండి, రెండు బ్రేకులకి పోతుంది.

తుప్పు కనిపిస్తే

పైపై ఎర్రదనానికి వైరు బ్రష్, తర్వాత 80 నంబరు ఎమరీ పేపరు. మెరిసే ఇనుము వచ్చేదాకా రుద్ది, మూలల్లో మిగిలిన దానికి రస్ట్ కన్వర్టర్ (తుప్పును నల్లటి పొరగా మార్చే మందు) పూసి, నల్లబడ్డాక ప్రైమర్, ఆపైన అండర్‌బాడీ కోటింగు. స్క్రూడ్రైవర్ పిడితో తడితే బోలు శబ్దం వచ్చినా, మొన దిగినా అది పూత పని కాదు, వెల్డింగు పని.

కోటింగు వేయించాలంటే కడిగాక కనీసం 24 గంటలు, వానాకాలంలో రెండు రోజులు ఆరాలి. తడి మీదో తుప్పు మీదో తారు పూత వేస్తే అది తుప్పుని ఆపదు, దాచిపెడుతుంది. రెండేళ్ళకి పొర ఊడేసరికి కింద రేకు ఉండదు. షోరూములో కొత్త కారుతో పాటు అమ్మే కోటింగు తీసుకోవాలా అంటే, తీరపు ఊళ్ళో అయితే తీసుకోవచ్చు, లోపలి ఊళ్ళో కడగడం మానకపోతే అంత అవసరం లేదు. ఎక్కడ వేయించినా పక్కన నిలబడి చూడండి: సైలెన్సర్, బ్రేకులు, రబ్బరు బుష్‌లు, తిరిగే ఇరుసులు, నీళ్ళు పోయే రంధ్రాల మీద పూత పడకూడదు. రంధ్రాలు మూసేసిన కోటింగు కంటే కోటింగు లేని కారే నయం.

వరదలో మునిగిన కారు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో, మున్నేరు పొంగి ఖమ్మంలో బోలెడు కార్లు మునిగాయి. అలాంటి కారుకి పైన చెప్పిందేదీ వర్తించదు. నీళ్ళు తీశాక స్టార్ట్ చేసి చూడాలనే ఆత్రం ఆపుకోవాలి. సిలిండర్లలో నీళ్ళుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అక్కడితో వేలతో పోయేది లక్షల్లోకి వెళ్తుంది. బ్యాటరీ నెగటివ్ విప్పి, నీళ్ళు ఎంతవరకు వచ్చాయో కారు మీది గీత కనబడేట్టు ఫోటోలు తీసి, ఇన్సూరెన్సుకి ఫోను చేసి, క్రేనుతోనే తరలించండి. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేని పాలసీల్లో నీళ్ళతో చెడిన ఇంజిన్ ఖర్చు చాలావరకు మన నెత్తినే పడుతుంది. సర్వేయర్ చూసేదాకా బురద కడగొద్దు.

కడిగిన మర్నాడు

అడుగు శుభ్రంగా ఉన్నప్పుడే కారడం తెలుస్తుంది. రాత్రి కారు కింద పెద్ద అట్టముక్క పరిచి, చక్రాల స్థానాలు పెన్నుతో గుర్తు పెట్టండి. పొద్దున మచ్చలు చూడండి. గోధుమ, నలుపు రంగైతే ఇంజిన్ ఆయిల్. ఎరుపైతే ఆటోమేటిక్ గేరుబాక్సు లేదా పవర్ స్టీరింగ్ ఆయిల్. ఆకుపచ్చగానో గులాబీగానో ఉండి తియ్యటి వాసన వేస్తే రేడియేటర్‌లో పోసే కూలెంట్, దాన్ని కుక్కలూ పిల్లులూ నాకకుండా వెంటనే తుడవండి, అది విషం. చక్రం లోపలి వైపు కింద లేత పసుపు రంగులో జారుడుగా ఉంటే బ్రేక్ ఆయిల్ కావచ్చు, ఆ కారు నడపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి. ఎడమవైపు ముందు భాగంలో ఏ రంగూ లేని నీళ్ళయితే ఏసీవి, లేదా నిన్న మీరు కొట్టినవే.